చెవిలో విస్సన్నపేట

మావారు దత్తాత్రేయులుగారు పెళ్ళి చేయిస్తుంటే వంటవాళ్ళు కూడా గరిటె పక్కన పెట్టి వచ్చి వినేవాళ్ళు. మొగుడి మీద మోజుతో చెబుతున్న మాట కాదిది. నా చేత రోజుకెన్ని మాటలు పడతారో ఆయన్నే అడగండి, మోజు సంగతి తెలుస్తుంది. తిరువూరులోనే కాదు, అటు రెడ్డిగూడెం దాకా ఆయనకి పేరు రావడానికి కారణం ఒక్కటే. మంత్రం చదివి ఊరుకోరు. చదివాక ఆగి, పెళ్ళికూతురి వైపు తిరిగి, "అమ్మా, ఈ అబ్బాయి నీకు ఇప్పుడు ఇచ్చిన మాట ఇదీ" అని మామూలు తెలుగులో చెబుతారు. తరవాత పెళ్ళికొడుకుని, "నాయనా, ఏం ఒప్పుకున్నావో తెలిసిందా?" అని అడుగుతారు. తెలియలేదంటే మళ్ళీ చెబుతారు. ఆ కారణంగా ఆయన చేయించే పెళ్ళిళ్ళలో భోజనాలు ఆలస్యమయ్యేవి. అయినా ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు.

పీటల ముందు కూర్చున్నాక ఆయనకి లోకం పట్టేది కాదు. ఒకసారి ఎవరింటి పెళ్ళిలోనో పందిరి ఒక పక్కకి ఒరిగిపోయి జనం లేచి పరిగెత్తారు. ఈయన మాత్రం ఆ జంటకి ఏడడుగుల అర్థం చెబుతూనే ఉన్నారు. పాపం ఆ జంట కూడా కదల్లేదు. నాకు ఆయనలో నచ్చిన గుణం అదే. ఇంట్లో ఆ గుణంతో వేగడం వేరే సంగతి.

అలాంటి మనిషి చేతికి చైనా ఫోన్ వచ్చింది.

అవి ఆ ఫోన్లు కొత్తగా ఊళ్ళోకి దిగిన రోజులు. రెండు సిమ్ములు, వీధి చివరి దాకా వినిపించే స్పీకరు, చెవిలో పెట్టుకోవడానికి తీగ. ఆ తీగని ఆయన కండువా లోపలినించి పైకి తెచ్చి చెవికి తగిలించుకోవడం నేర్చుకున్నారు. నెల తిరక్కుండానే మనిషి మారిపోయారు. సత్యనారాయణ వ్రతం చేయిస్తూ గృహప్రవేశానికి ముహూర్తం చెప్పేవారు. గృహప్రవేశం చేయిస్తూ మరొకరి బారసాలకి పేరు సూచించేవారు. ఇంటికొచ్చి, "ఇవాళ నాలుగు పనులు ఒకేసారి అయ్యాయి సుందరీ" అని మురిసిపోయేవారు. ఆ నాలుగింటిలో ఒక్కదాని కబురైనా చెప్పమంటే మాత్రం ఏదీ గుర్తుండేది కాదు.

ఆ ఏడాది మూఢం వచ్చి ముహూర్తాలు బాగా తగ్గిపోయాయి. వైశాఖంలో ఒక మంచి రోజు దొరికింది. చుట్టుపక్కల పెళ్ళి కావలసిన పిల్లలందరికీ ఆ ఉదయమే ముహూర్తం. అందులో మా ఊరి రైస్ మిల్లు వెంకటకృష్ణారావుగారి అమ్మాయి శ్వేత పెళ్ళి కూడా ఉంది. మా మామగారి కాలం నించి ఆ ఇంటి పురోహితులం మేమే.

శ్వేత నా దగ్గర లెక్కలు చదువుకుంది. నేను గర్ల్స్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. అర్థం కానిదే ఒక్క మెట్టు కూడా ముందుకి కదలనిచ్చే పిల్ల కాదు. "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది టీచర్?" అని నా ప్రాణం తీసేది. శుభలేఖ ఇవ్వడానికి తండ్రితో పాటు తనూ వచ్చి, మావారి ఎదురుగా చాప మీద కూర్చుంది.

"పంతులుగారూ, నగలూ చీరలూ మా అమ్మ ఇష్టం. నాకు ఒక్కటే కోరిక. మా పిన్ని పెళ్ళిలో మీరు ప్రతి మాటకీ అర్థం చెప్పారు. నేను చిన్నపిల్లని, మీ పక్కనే కూర్చుని విన్నాను. నాకూ అలాగే చెప్పాలి. నేను దేనికి ఒప్పుకుంటున్నానో, నాకు ఎవరు ఏం మాట ఇస్తున్నారో తెలియకుండా పెళ్ళి చేసుకోను" అంది.

"ఆ భాగ్యం నాకు కాక ఇంకెవరికమ్మా, తప్పకుండా చెబుతాను" అన్నారు మావారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు.

వారం తిరక్కముందే విస్సన్నపేట నించి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ అమ్మాయి మైథిలికి వినగడప సంబంధం. అదే రోజు, అదే ముహూర్తం. పురోహితుడు దొరకడం లేదని బతిమాలారు. మావారికి కాదనడం చేతకాదు. ఇప్పుడు చెవిలో తీగ కూడా ఉందాయె. సరేనన్నారు.

"ఒక మనిషి రెండు ఊళ్ళలో ఎలా కూర్చుంటాడండి?" అన్నాను, వాళ్ళు గుమ్మం దాటగానే.

"అక్కడ మాధవ్ కూర్చుంటాడు. నేను ఫోన్‌లో చెబుతుంటాను, వాడు చేయిస్తుంటాడు."

మాధవ్ మావారి మేనల్లుడు. విస్సన్నపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారు. మంత్రాలన్నీ మావారి దగ్గరే నేర్చుకున్నాడు, గొంతు కూడా బాగుంటుంది. కానీ మహా పిరికివాడు. ఇంతవరకూ ఒంటరిగా ఒక్క పెళ్ళి కూడా చేయించలేదు.

"మరి శ్వేతకి ఇచ్చిన మాటో?"

"దానికీ దీనికీ సంబంధం ఏంటి? నువ్వు పొయ్యి మీద పప్పు పెట్టి, ఒళ్ళో పరీక్ష పేపర్లు పెట్టుకుని, పాలవాడితో మాట్లాడుతూ, నన్ను తిట్టడం లేదూ? ఆడవాళ్ళు రోజూ చేసే పనే కదా ఇది."

"పప్పు మాడితే మనం తిని ఊరుకుంటాం. పెళ్ళి మాడితే ఎవరు తింటారండి?"

ఆయన నా మాట చెవిన పెట్టలేదు. చెవిలో చోటు ఉంటే కదా.

పెళ్ళి రోజు పొద్దున్నే కల్యాణమండపం కిటకిటలాడిపోయింది. మామిడికాయల లారీల మధ్య నించి మైలవరం మగపెళ్ళివారి బస్సు వచ్చి ఆగింది. పెళ్ళికొడుకు శ్రీనాథ్ నెమ్మదస్తుడిలా కనిపించాడు. వాళ్ళ తాత ఆదిశేషయ్యగారు కర్ర పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆయన పక్కన నాయనమ్మ సీతారావమ్మగారు. ఆవిడ వచ్చీ రాగానే మామిడాకుల తోరణం వంకరగా కట్టారని చెప్పి సరిచేయించింది. ఈవిడ కళ్ళు తప్పించుకుని ఏదీ జరగదని నాకు అప్పుడే అర్థమైంది.

నేను వేదిక పక్కనే కుర్చీ వేసుకున్నాను. మావారి కండువాలోంచి తీగ కనిపిస్తూనే ఉంది. వేదిక మీద ఒక పక్కన గౌరీపూజ మొదలైంది. శ్వేత తలొంచుకుని, చెవులు రిక్కించి వింటోంది. ఈయన ఒక మంత్రం చదివి, మెడ దగ్గరున్న మైకు ముక్కతో, "ఊఁ, కలశంలో నీళ్ళు పొయ్యి" అన్నారు. శ్వేత కలశంలో నీళ్ళు పోసింది. "నువ్వు కాదమ్మా" అన్నారు ఈయన. పిల్ల మొహం చిన్నబోయింది. అర్థం చెప్పే ఊసే లేదు. మంత్రానికీ మంత్రానికీ మధ్య దొరికిన ప్రతి సందునూ విస్సన్నపేట మింగేస్తోంది.

కొంతసేపటికి మాధవ్ ఏదో తొందరపడినట్టున్నాడు. వాణ్ణి ఆగమనడానికి ఈయన కుడిచెయ్యి పైకెత్తారు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అవతలివాడికి మన చెయ్యి కనిపించదనే సంగతి ఆయనకి ఎప్పుడూ గుర్తుండదు. మాధవ్‌కి కనిపించలేదు, మేళగాళ్ళకి కనిపించింది. పురోహితుడు చెయ్యెత్తితే గట్టిమేళం వాయించాలన్నది వాళ్ళకి చిన్నప్పటి నించి తెలిసిన విద్య. డోలు దద్దరిల్లింది, సన్నాయి అందుకుంది. గట్టిమేళం వినగానే అక్షింతలు వేయాలన్నది జనానికి తెలిసిన విద్య. ముహూర్తం వచ్చేసిందనుకుని మండపంలోని వాళ్ళంతా లేచి, పిడికిళ్ళలో ఉన్న అక్షింతలన్నీ విసిరేశారు. వీడియో అతను పరిగెత్తుకొచ్చి లైటు వేశాడు. వెనక వరసవాళ్ళు కొందరు పెళ్ళయిపోయిందనుకుని భోజనాల హాలు వైపు నడిచారు.

ముహూర్తానికి ఇంకా చాలా టైముంది. జీలకర్రా బెల్లం పళ్ళెంలోనే ఉన్నాయి. అప్పటికే పీటల దగ్గర కూర్చున్న పెళ్ళికొడుకు తలంతా పసుపు బియ్యంతో, ఏం చేయాలో తెలియక నవ్వుతున్నాడు. శ్వేత తల్లి ఇందిరాదేవి పళ్ళేలు తడిమి చూసింది. ఒక్క గింజ లేదు. రైస్ మిల్లు వాళ్ళ పెళ్ళిలో బియ్యం కోసం పరుగులు పెట్టడం ఆ రోజే చూశాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. శ్వేత నవ్వడం లేదు.

కొత్త అక్షింతలు కలిపేలోగా కన్యాదానం మొదలైంది. శ్వేత మేనమామ ఆమెని బుట్టలో తెచ్చి కూర్చోబెట్టాడు. వధూవరుల మధ్య తెర పట్టుకున్నారు. ఇక ప్రవర చెప్పాలి. ఫలానావారి మునిమనవడికి, ఫలానావారి మనవడికి, ఫలానావారి కొడుక్కి మా అమ్మాయిని ఇస్తున్నాం అని మూడుసార్లు చెప్పడమన్నమాట. పురోహితుడు ముందు చెబుతాడు, పిల్ల తండ్రి వెనకే అంటాడు. మొదటిసారి సవ్యంగానే జరిగింది. రెండోసారి మొదలుపెట్టేసరికి అటు మాధవ్ కూడా ప్రవర దగ్గరికి వచ్చినట్టున్నాడు. ఈయన అటు ఒక ముక్క, ఇటు ఒక ముక్క అందిస్తున్నారు. నుదుటి మీద చెమట పట్టింది.

"వీరరాఘవయ్యగారి మనవడైన..." అన్నారు మావారు, వెంకటకృష్ణారావుగారి వైపు తిరిగి.

వెంకటకృష్ణారావుగారు భక్తిగా కళ్ళు మూసుకుని, వీరరాఘవయ్యగారి మనవడికి తన కూతుర్ని ఇచ్చేశారు.

సీతారావమ్మగారు లేచి నిలబడింది.

"ఆగండి పంతులుగారూ. ఈ వీరరాఘవయ్య ఎవరు? మా వాడి తాత ఆదిశేషయ్య. ఇదిగో, నా పక్కనే కూర్చున్నాడు, నిక్షేపంలా ఉన్నాడు. ఇన్ని మైళ్ళు బస్సులో వచ్చింది మా మనవడి పెళ్ళి చూడ్డానికి. మీరు ఆ పిల్లని ఇంకెవరికో ఇచ్చేస్తే మేం ఏం చేయాలి? ఆ వీరరాఘవయ్య మనవణ్ణి మేం ఒప్పుకోం."

ఇందిరాదేవి చేతిలో పసుపు గిన్నె అలాగే ఉండిపోయింది. వెంకటకృష్ణారావుగారు కళ్ళు తెరిచి మావారి వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. తండ్రి కాలం నించి నమ్మిన ఇల్లు ఇలా చేసిందేంటన్న బాధ ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. అంతలో చెవి తీగ ఫోన్‌లోంచి ఊడిపోయి, స్పీకరు దానంతట అదే మోగింది. మాధవ్ గొంతు మండపమంతా వినిపించింది.

"మావయ్యా, ఇక్కడ మైకు దగ్గర ఫోన్ పెట్టాను. ఎవరో పెద్దావిడ అరుపులు పందిరంతా వినపడ్డాయి. వీరరాఘవయ్యగారు లేచి, ఆవిడెవరు, మా మనవణ్ణి వద్దంటోందేంటి అని అడుగుతున్నారు. ఏం చెప్పను?"

ఎవరో ఫక్కున నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. సీతారావమ్మగారు నవ్వు ఆపుకోలేక కూలబడింది. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు మావారు. రెండోది తెర వెనక ఉన్న శ్వేత. ఆ పిల్ల తెర పక్కకి వంగి ఆయనవైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"పంతులుగారూ, మీకు ఈ పూట రెండు పెళ్ళిళ్ళు. నాకు ఇదొక్కటే" అంది.

గట్టిగా కూడా అనలేదు. ఆయన మొహం చూసి నాకే జాలేసింది. పదేళ్ళు పెద్దవాడైపోయినట్టు కనిపించారు. ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

"మాధవా, నేను ఫోన్ పెట్టేస్తున్నాను. ఇక నువ్వే చేయించు."

"వద్దు మావయ్యా. నా వల్ల కాదు. ఏదైనా తప్పు దొర్లితే?"

"ఇప్పటిదాకా తప్పులన్నీ నేనే చేశాను. నీకు అన్నీ వచ్చు. నా గొంతు వినపడుతున్నంతసేపూ నీకు రానట్టే ఉంటుంది."

మాధవ్ ఇంకా ఏదో అంటున్నాడు. ఈయన ఫోన్ నా చేతిలో పెట్టి అటు తిరిగిపోయారు. అటువైపు కూడా ఒక పిల్ల బుట్టలో కూర్చుని ఉంది కదా, ఆ పిల్లకి మాత్రం పెళ్ళి ఒక్కటే కాదా అని నా ప్రాణం కొట్టుకుంది. కుర్చీలోంచి లేచి గోడ వారకి వెళ్ళాను.

"మాధవ్, నేను అత్తయ్యని. రేపు నీ క్లాసులో పిల్లలకి పద్యం చెప్పాలంటే మావయ్యకి ఫోన్ చేస్తావా?"

"లేదత్తయ్యా."

"మరి ఎలా చెబుతావు?"

"చదివి, అర్థం చెబుతాను."

"ఇక్కడా అంతే. ఎదురుగా ఉన్న ఇద్దరూ నీ క్లాసులో పిల్లలనుకో. మిగతా జనాన్ని చూడకు."

తరవాత "మైథిలమ్మా" అని వాడు ఎవరినో పిలవడం వినిపించింది. మొదట గొంతు వణికింది, రెండో మాటకి నిలబడింది. నేను ఫోన్ ఆపి చేతిసంచిలో పడేశాను.

తిరిగి వచ్చేసరికి మావారు వెంకటకృష్ణారావుగారికి చేతులు జోడించి నిలబడి ఉన్నారు. ఆయన ఆ చేతులు పట్టుకుని, "టైముంది కదా పంతులుగారూ, మొదటి నించి చెప్పండి" అన్నారు. మొదటి నించి చెప్పారు. ఒక్కొక్క పేరూ చెబుతూ, ఆ పేరున్న మనిషి ఎక్కడ కూర్చున్నాడో చూస్తూ చెప్పారు. ఆదిశేషయ్యగారి పేరు వచ్చినప్పుడు సీతారావమ్మగారు, "అదీ" అంది.

ఆ తరవాత నేను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న దత్తాత్రేయులుగారే అక్కడ కూర్చున్నారు. కొత్త అక్షింతలు వచ్చాయి. సరైన సమయానికి చెయ్యెత్తారు. మేళగాళ్ళు ఈసారి అనుమానంగా ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆయన తలాడించాకే మొదలుపెట్టారు. జీలకర్రా బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు అన్నీ అయ్యాయి. ప్రతి చోటా ఆగి అర్థం చెప్పారు. శ్వేత రెండుచోట్ల, "ఇది అందులోకి ఎలా వచ్చింది పంతులుగారూ?" అని అడిగింది కూడా. ఆయన ఓపిగ్గా విప్పి చెప్పారు. భోజనాల హాలుకి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చి గోడల వెంబడి నిలబడ్డారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఈ మనిషిని ఎవరో ఎత్తుకుపోతే మళ్ళీ దొరికినట్టనిపించింది.

మధ్యాహ్నం మాధవ్ ఫోన్ చేశాడు. పెళ్ళి బాగా జరిగిందట. అర్థాలు చెప్పేసరికి వీరరాఘవయ్యగారు వాడి చెయ్యి వదలకుండా, వినగడపలో తన ఇంకో మనవడి పెళ్ళికి కూడా నువ్వే రావాలన్నారట. "మావయ్యకి చెప్పనా?" అని అడిగాడు. "రెండూ ఒకే రోజు కాకపోతే ఏమీ అనుకోరులే" అన్నాను.

ఆఖరి పంక్తిలో భోజనానికి కూర్చున్నాం. ఆకులో పులిహోర వడ్డించారు. మావారు ఇంకా ముద్ద నోట్లో పెట్టుకోలేదు, సీతారావమ్మగారు వచ్చి ఎదురుగా నిలబడింది. మళ్ళీ ఏం తప్పు పట్టిందోనని నేను బెదిరిపోయాను. ఆవిడ కొంగు చివర మెలితిప్పింది.

"నా పెళ్ళికి కూడా ఇవే చదివి ఉంటారు కదండీ?" అంది.

"ఇవేనమ్మా."

"నాకు ఎవరూ చెప్పలేదు. చిన్నపిల్లని, నిద్రొస్తోందని ఏడుస్తున్నానట. పొద్దున మీరు ఆ పిల్లకి ఏదో చెప్పారు. నువ్వు లేకుండా ఏ మంచీ చేయను, ఏదీ దాచుకోను అని. అది ఎవరు ఎవరికి ఇచ్చిన మాట? నేను సరిగ్గా విన్నానో లేదో. మళ్ళీ చెప్పండి."

మావారు ఆకు ముందు నించి లేచారు. చెయ్యి కడుక్కున్నారు. అక్కడే ఒక కుర్చీ లాగి ఆవిడని కూర్చోబెట్టి, చేతికర్రతో నెమ్మదిగా నడిచి వస్తున్న ఆదిశేషయ్యగారిని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టారు. తాను కింద కూర్చున్నారు.

"అది అబ్బాయి అమ్మాయికి ఇచ్చే మాటమ్మా. ధర్మంలో గానీ, సంపాదనలో గానీ, సంతోషంలో గానీ నిన్ను దాటి వెళ్ళను అని, మీ తండ్రిగారి ఎదుట ఈయన ఒప్పుకున్నారు. తరవాత ఏడడుగులు నడిచాక, ఇక మనం స్నేహితులం అన్నారు."

సీతారావమ్మగారు తలతిప్పి భర్తని చూసింది. "విన్నావా? ఆ రోజు నువ్వు నాకు ఇంత మాటిచ్చావట."

ఆదిశేషయ్యగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు.

"ఇచ్చినట్టు నాకు మాత్రం ఎవరు చెప్పారే?" అన్నారు. "తెలియకుండానే చాలావరకు నిలబెట్టుకున్నాను కదా."

"చాలావరకు" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుని ఆయన చేతికర్ర తీసి పక్కన పెట్టింది. "మిగతావి కూడా చెప్పండి పంతులుగారూ. మొదటి అడుగు నించి."

వడ్డించేవాళ్ళు పప్పు తెచ్చారు, తరవాత కూర తెచ్చారు, చారు కూడా తెచ్చారు. మావారి ఆకు దగ్గర ఆగి నా మొహం చూశారు. వెళ్ళమని సైగ చేశాను. ఆయన అప్పటికి మూడో అడుగు దగ్గర ఉన్నారు.